కదలదనుకున్న అక్షరం

లెక్కలు చెప్పేటప్పుడు నా నోరు నా అదుపులో ఉండదు. మా అక్క కూతురు నాకు ‘ఎర్రపెన్ను పిన్ని’ అని పేరు పెట్టిందంటే ఊరికే పెట్టలేదు. అది డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. వారానికి మూడు సాయంత్రాలు మా ఇంటికి వచ్చి వంటింటి బల్ల మీద పుస్తకాలు పరుస్తుంది. నేను టీ పెట్టుకుంటూ, దాని తప్పుల కింద గీతలు గీస్తూ, తిడుతూ ఉంటాను. తిట్టించుకోవడానికి దాన్ని పంపించేది వాళ్ళ నాన్నే. “లెక్కలంటే మీ పిన్ని దగ్గరే నేర్చుకోవాలి” అంటాడట. ఆ మాట విన్నప్పుడల్లా నాకు లోపల చురుక్కుమనేది. ఎందుకో తర్వాత చెప్తాను.

ఆ రోజు పాఠం ఇంప్లిసిట్ డిఫరెన్సియేషన్. x, y రెండూ ఒకే సమీకరణంలో ముడిపడి ఉంటాయి. y ని విడదీసి ఒక పక్కకు తేవడం కుదరదు, కుదిరినా ఒళ్ళు హూనమవుతుంది. అందుకని ముడి విప్పకుండానే రెండు వైపులా డిఫరెన్సియేట్ చేసుకుంటూ పోవాలి. నియమం ఒక్కటే. x కదిలితే దానితోపాటు y కూడా కదులుతుందని మర్చిపోకూడదు. ఈ పిల్ల వరసగా మూడో లెక్కలో కూడా y ని మామూలు అంకెలా చూసి వదిలేసింది.

“y ఏమన్నా పాతేసిన రాయా, కదలకుండా ఉండటానికి?” అన్నాను. “x కదులుతుంటే అది గుడ్లప్పగించి చూస్తూ కూర్చుంటుందా? ఎన్నిసార్లు చెప్పాలే నీకు? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని.”

అది పెన్ను చివర కొరుక్కుంటూ కాసేపు ఆలోచించింది.

“మరి నువ్వు కూడా వదిలేశావుగా పిన్నీ” అంది.

“ఏం వదిలేశాను?”

“n ని. నీ ఫ్యాక్టరీ లెక్కలో.”

పోయిన నెల “ఈ డిఫరెన్సియేషన్ ఎందుకు పనికొస్తుంది?” అని అది అడిగితే, గొప్పకు పోయి మా ఫ్యాక్టరీ లెక్క దాని పుస్తకంలో వెనక పేజీలో రాసిచ్చాను. మేం లేజర్ ముక్కలు తయారుచేస్తాం. ఒక్కో ముక్క ఇసకరేణువంత ఉంటుంది. దాని రెండు చివరలూ అద్దాల్లా పనిచేస్తాయి. వెలుగు ఆ రెండింటి మధ్య అటూ ఇటూ తిరుగుతుంది. తాడు రెండు కొసలూ కట్టి ఊపితే కొన్ని అలలే సరిగ్గా ఇముడుతాయి కదా, అలాగే ఆ పొడుగులో పూర్తిగా ఇమిడే అలల రంగులే బయటికొస్తాయి, మిగతావి ఆరిపోతాయి. దాన్ని mλ = 2nL అని రాస్తాం. m అంటే వెలుగు ఒకసారి వెళ్ళి తిరిగొచ్చే దూరంలో ఇమిడిన అలల లెక్క, λ అల పొడుగు, అంటే రంగు. L ముక్క పొడుగు. n అంటే ఆ పదార్థంలో వెలుగు ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే అంకె. m ఒకటి పెరిగితే రంగు ఎంత జరుగుతుందో తెలియాలంటే ఈ సమీకరణాన్ని ఉన్నదున్నట్టు డిఫరెన్సియేట్ చేస్తే చాలు. ఒక రంగుకీ పక్క రంగుకీ మధ్య ఎడం వచ్చేస్తుంది.

“ఇదిగో చూడు” అని అది వెనక పేజీ తిప్పింది. “ఎడమ పక్క mλ ని బాగానే చేశావు. కుడి పక్క 2nL మారదు కాబట్టి సున్నా అని రాశావు. ‘రంగు మారితే వెలుగు నెమ్మదించే తీరు కూడా మారుతుంది, గాజుముక్కలో రంగులు విడిపోయేది అందుకే’ అని నువ్వే చెప్పావుగా. అప్పుడు n కూడా λ తోపాటు కదలాలి కదా?”

గురివింద గింజ తన కింద నలుపెరుగదంటారు. ఆ నలుపు ఎక్కడుందో ఈ పిల్ల వేలు పెట్టి చూపించింది. దానికి అసలు సంగతి తెలియదు. ఆ సున్నా వల్లే వాళ్ళ నాన్న ఉద్యోగం పోయింది.

మా బావని ఫ్యాక్టరీలో అందరూ ‘వెంట్రుకవాసి’ అనేవాళ్ళు. లేజర్ పదార్థపు పలక నుంచి ముక్కలు కోయడం ఆయన పని. వజ్రపు మొనతో అంచు మీద గీత గీసి, పలకని కింద నుంచి మెల్లగా నొక్కితే అది గీత వెంట విరుగుతుంది. మూడు వందల మైక్రాన్లు అంటే మూడు వందలే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆయన కోసిన దాంట్లో రెండు మూడు మైక్రాన్ల తేడా వస్తే ఆ రోజు ఆయన భోజనం దగ్గర మాట్లాడేవాడు కాదని మా అక్క చెప్పేది. నన్ను ఆ ఫ్యాక్టరీలో చేర్పించింది కూడా ఆయనే. “మా మరదలు లెక్కల్లో రాక్షసి” అని మేనేజరుకి చెప్పి తీసుకెళ్ళాడు.

రెండేళ్ళ కింద ఒక కొత్త కస్టమర్ వచ్చాడు. అంతకుముందు ఎవరూ రంగుల ఎడం సంగతి అడగలేదు, వెలుగు సరిపోతే చాలనుకునేవాళ్ళు. వీళ్ళకి ఎడం ఒకటింపావు నానోమీటరు ఉండాలి. నేను కాగితం మీద లెక్క వేసి, మూడు వందల మైక్రాన్ల ముక్కకి ఒకటింపావు వస్తుందని రాసి సంతకం పెట్టాను. బావ కోశాడు. ముక్కల్ని లోహపు గుళికల్లో సీలు చేసి పంపాం. నెల తిరక్కుండా అవి తిరిగొచ్చాయి. ఎడం ఒకటీ పాయింట్ సున్నా అయిదే ఉందిట.

ముక్క పొడుగు పెరిగితే ఎడం తగ్గుతుంది. నా లెక్కలో ఆ అంకె వేసి పొడుగు తీస్తే మూడు వందల యాభై ఏడు వచ్చింది. యాభై ఏడు ఎక్కువ. ఇంచుమించు ఒక వెంట్రుక మందం. సీలు తీస్తే ముక్క పగిలిపోతుంది కాబట్టి లోపల కొలవడానికి లేదు. ఇక మిగిలింది ఎవరు? కోసినవాడు.

విచారణ అన్న పేరుతో మేనేజరు గదిలో ముగ్గురం కూర్చున్నాం. బావ ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. కోసిన ప్రతి పలక నుంచి ఆఖరి నాలుగు ముక్కలు తేదీ రాసి దాచిపెట్టడం ఆయన అలవాటు. ఎవరూ చెయ్యమనలేదు, ఆయనే చేసేవాడు.

“ఇవి ఆ పలకవే సార్. తెరిచి కొలవండి” అన్నాడు.

“కోసేదీ నువ్వే, మైక్రోస్కోపుని సరిచూసేదీ నువ్వే. నీ స్కేలుతోనే కొలిస్తే నీ అంకె కాక ఇంకేం వస్తుంది?” అన్నాడు మేనేజరు.

బావ నా వైపు తిరిగాడు. “నువ్వేమంటావు?”

అప్పుడు నేను అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “లెక్క అబద్ధం చెప్పదు బావా” అన్నాను. ఎంత నెమ్మదిగా, ఎంత జాలిగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఆయన ఒక నిమిషం నా కాగితాన్ని చూశాడు. తర్వాత తప్పు తనదేనని రాసి సంతకం పెట్టేసి వెళ్ళిపోయాడు. డబ్బా బల్ల మీదే ఉండిపోయింది. దాన్ని నేను నా సొరుగులో పడేశాను. తెరవలేదు.

ఆ తర్వాత ఆయన ఇంకెక్కడా కోతపని చెయ్యలేదు. ఆ పని చేసే చోట్లు నాలుగైదుకి మించి లేవు, కొలత తప్పినవాడన్న మాట అన్నిచోట్లకీ ఆయనకన్నా ముందే చేరింది. ఇప్పుడు కిటికీ అద్దాల దుకాణంలో సరుకు బండికి ఎక్కించే పని చూస్తున్నాడు. అక్కడ కూడా అద్దం కొయ్యమంటే “నా కన్ను నమ్మకూడదు” అని పక్కవాడికి ఇస్తాడు. కళ్ళ డాక్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్ళాడు. కళ్ళు శుభ్రంగా ఉన్నాయని డాక్టరు చెబితే నమ్మలేదు. ఇంట్లో గోడకి మేకు కొట్టాలన్నా కూతుర్ని పిలిచి కొలిపిస్తాడు. చూపు తగ్గి ఉద్యోగం మానేశానని దానికి చెప్పాడు.

ఆ సాయంత్రం పిల్లని తొందరగా పంపేసి నేను లెక్క మళ్ళీ మొదలుపెట్టాను. ఎడమ పక్క λ, దానికి m రెట్లు λ మార్పు కలపాలి. కుడి పక్క సున్నా కాదు, 2L రెట్లు n మార్పు. అప్పుడు n ఎందుకు వదిలేశానో కూడా గుర్తొచ్చింది. అది నాలుగో దశాంశంలోనే మారుతుంది. అంత చిన్నదాన్ని లెక్కపెట్టేదేమిటని అనుకున్నాను. రంగు మాత్రం ఎంత కదులుతోందని? వెయ్యిలో ఒక పాలు కూడా కాదు. ఆ కదలిక పక్కన పెట్టి చూస్తే n కదలిక అయిదో వంతు ఉంది. అందరికన్నా పెద్ద బుద్ధిమంతురాలిని, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. n చోట 3.2 అని వేశాను, ఈ కదలిక కూడా కలిపితే అక్కడ 3.8 వెయ్యాలి. వేస్తే, మూడు వందల మైక్రాన్ల ముక్కకి ఎడం ఒకటీ పాయింట్ సున్నా అయిదు. కస్టమర్ కొలిచింది అదే. బావ కోసింది అదే. ఒకటింపావు అన్న మాటే మొదటినుంచీ తప్పు.

మర్నాడు పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్ళి సొరుగు తెరిచి డబ్బా తీశాను. మూత మీద బావ చేతిరాత, తేదీ. ఒక ముక్కని మైక్రోస్కోపు కింద పెట్టి తెర మీద కొలత చూశాను.

మూడు వందల యాభై ఏడు.

నాకు సంతోషం వేసింది. ఎందుకు దాచాలి, నిజంగానే వేసింది. ఒళ్ళంతా తేలికైపోయింది. పిల్ల చెప్పింది కాగితం మీద నిజమే అయినా బావ కూడా తప్పు కోశాడన్నమాట, నా పాపంలో ఆయనకీ వాటా ఉందన్నమాట అనుకున్నాను. టీ తెచ్చుకుని సగం తాగాను కూడా.

సగం టీ దగ్గర గుర్తొచ్చింది. ఆ తెర మీద స్కేలుని మార్చింది మేమే. బావ వెళ్ళాక కోతకి యంత్రం తెచ్చారు. యంత్రం కోసిన ముక్కలకీ నా లెక్కకీ పొంతన కుదరకపోతే, “పాతవాడు మైక్రోస్కోపుని కూడా పాడుచేసి పోయాడు” అన్నాడు మేనేజరు. నా కాగితంలో అంకెకి సరిపోయేదాకా తెర మీద స్కేలుని జరిపారు. ఎంత జరపాలో చెప్పింది నేనే.

బావ పాత సామాను పెట్టె స్టోర్ గదిలో అలాగే ఉంది. అందులో ఆయన గాజు స్కేలు ఉంది. గాజు మీద మైక్రాన్ల గీతలు చెక్కి ఉంటాయి, దాంతోనే ప్రతి సోమవారం మైక్రోస్కోపుని సరిచూసేవాడు. ఆయన స్కేలు అన్న మాట మళ్ళీ రాకూడదని, స్టోరులో సీలు కూడా విప్పని ఇంకో కొత్తదాన్ని కూడా సంతకం పెట్టి తీసుకున్నాను. రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి పెట్టాను. గాజు మీద వంద ఉన్నచోట తెర రెండుసార్లూ నూట పంతొమ్మిది చూపించింది. డబ్బాలో నాలుగు ముక్కలూ గాజు గీతలతో కొలిచాను. మూడు వందలు. మూడు వందలు. మూడు వందల ఒకటి. మూడు వందలు.

మేనేజరు తెలివితక్కువవాడు కాదు. నా కాగితం చదివి రెండు నిమిషాల్లో అంతా పట్టేశాడు.

“అయితే ఇప్పుడు మన యంత్రం కోస్తున్నది ఎంత?”

“రెండు వందల యాభై రెండు సార్. మూడు వందలని రాసి పంపుతున్నాం.”

“కస్టమర్‌కి ఎడం ఎంత కావాలి?”

“ఒకటింపావు.”

“ఎంత వెళ్తోంది?”

“ఒకటింపావే.”

“మరింకేమిటమ్మా నీ బాధ?”

“ఒక మనిషి పని పోయింది సార్. మీరూ నేనూ కలిసి తీసేశాం.”

“పోయింది పని. ప్రాణం కాదు కదా” అన్నాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నాకే తిరిగిచ్చాడు. “ఇప్పుడిది బయటపెడితే రెండేళ్ళుగా తప్పుడు కొలత రాసి పంపామని ఒప్పుకోవాలి. రెండు తప్పులు కలిసి ఒక ఒప్పు అయింది, దాన్ని కెలక్కు. ఆయన కూడా ఒప్పుకుని సంతకం పెట్టాడుగా. పెట్టమని నేనేమన్నా మెడ మీద కత్తి పెట్టానా?”

నేను నా బల్ల దగ్గరికి వచ్చి మొత్తం మళ్ళీ రాశాను. లెక్క, అందులో నేను వదిలేసిన పదం, గాజు స్కేలు కొలతలు, తెర మీద స్కేలుని జరిపిన సంగతి, కోతలో ఏ తప్పూ లేదన్న మాట. కింద సంతకం పెట్టాను. ఒకటి కస్టమర్‌కి పంపాను, ఒకటి మేనేజరు బల్ల మీద పెట్టాను. మూడోదీ, డబ్బా తీసుకుని అక్క వాళ్ళింటికి వెళ్ళాను. నా ఉద్యోగం ఉంటుందన్న ఆశ లేదు. నిజం చెప్పాలంటే, దారి పొడుగునా నా గురించి నేను గొప్పగానే అనుకుంటూ వెళ్ళాను. బావ ఏడుస్తాడేమో, ఏమని ఓదార్చాలా అని మాటలు కూడా కూర్చుకున్నాను.

బావ అప్పుడే పని నుంచి వచ్చి ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. అక్క వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. నేను డబ్బా ఆయన ముందు పెట్టి, కాగితం చేతికిచ్చి, మొత్తం చెప్పాను. n గురించి కూడా చెప్పాను. మధ్యలో వంటింట్లో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

ఆయన ఏడవలేదు. డబ్బా మూత మీద తన చేతిరాతని కాసేపు చూశాడు.

“దీన్ని ఎప్పుడు తెరిచావు?”

“ఇవాళ పొద్దున.”

“రెండేళ్ళు నీ సొరుగులోనే ఉందా?”

“ఉంది బావా.”

“నేనెందుకు సంతకం పెట్టానో తెలుసా?” అన్నాడు. గొంతు పెంచలేదు. “మేనేజరుకి భయపడి కాదు. ఆ ముక్కలు మూడు వందలేనని నా కళ్ళతో చూశాను. కానీ కాగితం కింద నీ పేరుంది. నువ్వు లెక్క వేస్తే తప్పు పోదు, నా కన్నే తప్పయ్యుంటుంది అనుకున్నా. మొదటి ఆరు నెలలూ నిద్ర పట్టేది కాదు. తర్వాత మెల్లగా నమ్మేశా. నాకు చేతకాదని నమ్మడానికి ఎంత కష్టపడ్డానో నీకు తెలీదు.”

“అంతా రాశాను బావా. కస్టమర్‌కి కూడా పంపాను. కోతలో తప్పు లేదని అందులో స్పష్టంగా ఉంది. చదవండి.”

ఆయన కాగితాన్ని వెలుతురులోకి తిప్పి కింద దాకా చూశాడు. చివర్లో ఆగాడు.

“దీని కింద కూడా నీ సంతకమేగా” అన్నాడు.

కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నదాన్ని, ఆ ఆకులు చూపించి మెచ్చుకోమని వచ్చాను.

అక్క వంటింటి గుమ్మంలో నిలబడింది, కూర్చోమని అనలేదు. లోపలి గది తలుపు దగ్గర పిల్ల ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు, వినాల్సిందంతా విన్నదని మాత్రం దాని ముఖం చూస్తే తెలిసింది. చేతిలో లెక్కల పుస్తకం, మధ్యలో పెన్ను. నేను ఇచ్చిన ఆరు లెక్కలూ చేసినట్టుంది. నేను అలవాటు కొద్దీ చెయ్యి చాపాను. ఎర్రపెన్ను సంచిలోనే ఉంది.

అది నన్ను దాటి వెళ్ళి పుస్తకం వాళ్ళ నాన్న చేతికిచ్చింది.

“సరిగ్గా ఉన్నాయేమో చూడు నాన్నా” అంది.

బావకి డిఫరెన్సియేషన్ రాదు. అయినా పుస్తకం తీసుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఒక్కో వరస కింద వేలు జరుపుతూ చివరిదాకా చూశాడు. అది ఆయన మోకాలి పక్కన నేల మీద కూర్చుని ఎదురుచూసింది.

“సరిగ్గానే ఉన్నాయమ్మా” అన్నాడు.